అరుగుదలకు కారణం

“మా ఆవిడ కాపురమంతా బ్రేకు మీదేనండీ,” అన్నారు మా ఆయన, సర్వీస్ సెంటర్ కౌంటరు మీద మోచేతులు ఆనించి.

కౌంటరు వెనకాల ఉన్న అడ్వైజర్ నవ్వాడు. తన బండి కోసం ఎదురుచూస్తూ పేపరు చదువుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తకుండానే నవ్వాడు. నేనూ నవ్వాను.

వాళ్ళిద్దరి నవ్వూ అక్కడితో అయిపోయింది. నాది మాత్రం ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నా మొహానికి అతుక్కునే ఉంది. ఎందుకు నవ్వానే నేను, అని ఒక్కో గిన్నె బోర్లిస్తూ అడుక్కున్నాను. నవ్వకపోతే ఏమయ్యేది? “ఏంటి, జోకు వేస్తే కూడా మొహం మాడ్చుకుంటావ్” అనేవారు, అదీ ఆ కౌంటరు దగ్గరే. అది తప్పించుకోడానికి నవ్వాను. పదకొండేళ్ళుగా నేను నవ్విన నవ్వుల్లో ఇలా తప్పించుకోడానికి నవ్వినవన్నీ ఏరి పక్కన పెడితే, మిగిలేవి గుప్పెడు కూడా ఉండవేమో.

జరిగింది ఇదీ. కారు మా ఆఫీసు ద్వారా, నా పేరు మీద, మూడేళ్ళ లీజుకి తీసుకున్నది. మూడేళ్ళయ్యాక బుద్ధిగా తిరిగి అప్పజెప్పాలి. పందొమ్మిది నెలలకే ముందు టైర్లు రెండూ అయిపోయాయన్నాడు అడ్వైజర్. బ్రేక్ ప్యాడ్లయితే లోపలి ఇనుము కనపడేదాకా అరిగిపోయాయట. ఇంత తక్కువ తిరిగిన బండికి ఇవి సగం కూడా అరగకూడదట. “ఎక్కువ ఎవరు నడుపుతారు సార్?” అని అడిగాడు. పక్కనే నిలబడ్డ నన్ను కాదు, సార్‌నే. దానికి సార్ చెప్పిన జవాబే ఆ కాపురం మాట.

అరుగుదల మామూలుది కాకపోతే లీజు కంపెనీకి ఒక ఫారం నింపివ్వాలి. ‘త్వరగా అరిగినందుకు కారణం’, ‘నడిపిన వారి వివరాలు’, కింద సంతకం. అడ్వైజర్ ఫారం నా ముందుకి తోశాడు, పెన్ను ఆయన చేతికిచ్చాడు. ఆయన పెన్ను నాకిచ్చి చెప్పడం మొదలుపెట్టారు. “రాయి. డ్రైవరుకి అవసరం లేకపోయినా బ్రేకు తొక్కే అలవాటు ఉంది. అంతే, క్లుప్తంగా ఉండాలి.” రాశాను. “మరి నడిపేవాళ్ళ దగ్గర?” అన్నాను. “నీ పేరే రాయి. నాది మనం లీజు వాళ్ళ దగ్గర రిజిస్టరు చేయించలేదుగా, మళ్ళీ అదో తలనొప్పి.” రాశాను. సంతకం పెట్టాను. చేతిరాత ఎప్పటికన్నా గుండ్రంగా, అందంగా వచ్చింది. అదొకటి.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాబట్టే చెప్పాలి. నేను ఒక చెప్పులు, బూట్లు తయారుచేసే కంపెనీలో పని చేస్తాను. కొన్నవాళ్ళు “నెలకే అరిగిపోయింది”, “అడుగు ఊడిపోయింది” అని తిప్పి పంపే జోళ్ళు నా బల్ల మీదికి వస్తాయి. అడుగు తిరగేసి, దీపం కింద పెట్టి చూసి, ఎందుకు అరిగిందో రాయడం నా పని. రబ్బరు నాసిరకమా, కుట్టు తప్పా, లేక వాడినాయన మడమ ఈడ్చుకుంటూ నడుస్తాడా. పద్నాలుగేళ్ళుగా ఇదే. ఆఫీసులో నన్ను చెప్పుల డాక్టరు అంటారు. కొత్తగా చేరిన వాళ్ళకి మొదటిరోజు నేను చెప్పే మాట ఒకటే: “ముందు వస్తువుని చూడండి. వాడినవాళ్ళు రాసిన ఉత్తరం తర్వాత చదవండి.” ఉత్తరం ముందు చదివితే కళ్ళు అదే వెతుక్కుంటాయి.

అలాంటిదాన్ని, నా పేరు మీదున్న కారు టైరు దగ్గర ఒక్కసారి వంగి చూడకుండా, ఎదుటివాళ్ళు చెప్పిన కారణం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చి వచ్చాను.

నిజానికి బ్రేకు చప్పుడు నాకు అంతకు మూడు వారాల ముందే వినపడింది. ఎవరో రేకు మీద మేకుతో గీస్తున్నట్టు. మొదటిసారి చెబితే ఆయన, “ఏసీ చప్పుడు అది” అన్నారు. రెండోసారి, “నీకన్నీ వినపడతాయి, నేను పిలిస్తే తప్ప” అన్నారు. మూడోసారి చెప్పినప్పుడు పాటల చప్పుడు పెంచి, “ఇప్పుడు వినపడుతోందా?” అన్నారు. వెనక సీట్లో మా పాప పకపకా నవ్వింది. దానికి ఎనిమిదేళ్ళు, నాన్న జోకులంటే పడిచస్తుంది. మర్నాటి నుంచి ఒక్కదాన్నే ఉన్నా నేనూ పాటల చప్పుడు పెంచుకుని నడిపాను. నా చెవుల కన్నా ఆయన మాటే నమ్మకంగా అనిపించింది.

ఆ తర్వాత ఒక పొద్దున స్కూలు ముందు, పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ చెయ్యి అడ్డంగా చాపింది. బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. అంటే ఆగింది, నేను అనుకున్న చోట కాదు. ఆవిడ చేతిలోని ఆగమనే పలక బానెట్టుకి తగిలి కింద పడింది. ఆవిడ వెనక ముగ్గురు పిల్లలున్నారు. నేను దిగి పలక తీసిచ్చి, “తప్పయిపోయిందమ్మా” అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. “పిల్లల్ని కన్నదానివేగా” అంది, అంతే. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కారు సర్వీసుకి ఇద్దామని మాత్రం పట్టుబట్టాను, అదీ “చప్పుడు నాకే వినపడుతోందేమో, ఒకసారి వాళ్ళతో లేదనిపించుకుందాం” అని బతిమాలుకుంటూ.

సర్వీసు పని పడితే అది ‘నీ కారు’. అత్తయ్యని నడుం నొప్పికి వ్యాయామాల క్లినిక్‌కి తీసుకెళ్ళాలంటే, పాపని ఈతకి దింపాలంటే, గ్యాసు, కూరలు, ఇస్త్రీ బట్టలు తేవాలంటే అదీ నీ కారే. చుట్టాలింటికి వెళ్తే ‘మన కారు’. ఆదివారం పొద్దున్నే స్నేహితులతో కొండ దారిన షికారుకి వెళ్ళేటప్పుడు మాత్రం ‘నా కారు’. ఫోన్లో అంటుంటే విన్నాను, “నా కారు చూడరా, మలుపుల్లో పట్టాలెక్కినట్టు వెళ్తుంది” అని.

కొత్త టైర్లు, కొత్త ప్యాడ్లు వేయించి తెచ్చిన మర్నాడే ఆయన నాకు చికిత్స మొదలుపెట్టారు. కోపంగా కాదు, ముద్దుగానే. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “అమ్మ స్కూలుకి తీసుకెళ్ళేటప్పుడు ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతుందో లెక్కపెట్టి నాకు చెప్పాలి, సరేనా? అమ్మ మంచి డ్రైవరు అవ్వాలంటే మనమే సాయం చెయ్యాలి” అన్నారు. పాప ఆ పని పరీక్ష రాసినంత శ్రద్ధగా చేసింది. మొదటి సందు మలుపులో ఒకటి. కుక్క అడ్డొస్తే రెండు. స్కూలు చేరేసరికి ఇరవై అయిదు. మర్నాడు ఇరవై మూడు. “ఇరవై మూడమ్మా!” అని జాలిగా నా భుజం తట్టి దిగిపోయింది. సాయంత్రం ఆయనకి అప్పజెప్పింది. “నిన్నటికన్నా రెండు తక్కువ, పర్లేదు, దారిలో పడుతోంది” అన్నారాయన, పేపరు తిప్పుతూ. 

అత్తయ్య నా పక్షం వహించబోయింది. “పోనీలేరా, ఆడవాళ్ళకి ఆ మాత్రం భయం ఉండటమే మంచిది,” అంది. ఆవిడ మంచిదే. నన్ను ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ మాట విన్నాక అన్నం సయించలేదు.

నేనేం చేశానో చెబితే నాకే నమ్మబుద్ధి కాదు. అంకె తగ్గించడానికి ప్రయత్నించాను. నలభై ఏళ్ళదాన్ని, పద్నాలుగేళ్ళ ఉద్యోగం ఉన్నదాన్ని, ఎనిమిదేళ్ళ పిల్ల నోటి నుంచి పద్దెనిమిది అనిపించుకోవాలని, ఆగాల్సిన చోట ఆగకుండా, కాలు బిగబట్టి నడిపాను. ఒక గురువారం అత్తయ్యని క్లినిక్‌కి తీసుకెళ్తూ స్పీడు బ్రేకర్ ముందు కూడా కాలు ఆనించలేదు. కారు ఎగిరి పడింది. వెనక నుంచి అత్తయ్య “అమ్మా!” అని అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. పక్కకి ఆపి వెనక్కి వెళ్ళేసరికి నడుం పట్టుకుని ఒళ్ళంతా చెమటతో వణుకుతోంది. “ఏమైందే నీకు? ఎప్పుడూ పువ్వులా తీసుకెళ్తావ్ కదే” అంది. 

ఎప్పుడూ పువ్వులా తీసుకెళ్తావ్. ఆ మాట తిట్టయి ఉంటే బాగుండేది. ఆవిడ నడుం కింద నా చున్నీ మడిచి పెట్టాను. ఆవిడకి వారం పైగా మంచమే గతి అయింది. నొప్పికి కారణం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. “కూర్చున్నచోటే పట్టేసింది” అంది కొడుకుతో. నన్ను కాపాడుతున్నాననుకుంది. మంచం పక్కన నిలబడి ఆ అబద్ధం విని కూడా నోరు విప్పలేకపోయాను. స్కూలు ముందు పలక పట్టుకున్న ఆవిడ ముందూ, ఈవిడ ముందూ నేను దోషినే. అక్కడ బ్రేకు పడక, ఇక్కడ బ్రేకు వెయ్యక.

ఆవిడ ఇంకా మంచం మీద ఉండగానే సర్వీస్ సెంటర్ నుంచి ఫోను వచ్చింది. లీజు కంపెనీ మనిషి పాత టైర్లు చూసి వెళ్ళాడట, ఇక పారేస్తారట, దానికి నా సంతకం కావాలట. మధ్యాహ్నం భోజనం మానేసి ఒక్కదాన్నే వెళ్ళాను. అడ్వైజర్ లేడు. ఆ రోజు కౌంటరుకి కాస్త దూరంలో మా బండి చక్రాలు విప్పుతూ కనపడిన నెరిసిన గడ్డం మెకానిక్ టీ తాగుతూ, గోడకి ఆనించిన రెండు టైర్ల వైపు చెయ్యి చూపించాడు. 

వెళ్ళి వంగాను.

ఎందుకు వంగానో తెలీదు. చేతులకి అలవాటై ఉంటుంది. బొటనవేలితో అంచు రాశాను. నెమ్మదిగా, రోజూ కొంచెం కొంచెం అరిగిన రబ్బరు నున్నగా ఉంటుంది, అరిగిన మెట్టులాగ. అది నాకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. ఇది అలా లేదు. మధ్యలో గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. బయటి అంచు మాత్రం రంపం పళ్ళలా చీరుకుపోయింది. వేలు ఒకవైపు రాస్తే జారుతోంది, తిప్పి రాస్తే గుచ్చుకుంటోంది. వేడెక్కి, మెత్తబడి, పక్కకి ఈడ్చుకుపోయిన రబ్బరు. పరుగు పందేల కుర్రాళ్ళ బూట్లు ఇలాగే వస్తాయి నా బల్ల మీదికి, మలుపులో కాలు ఈడ్చిన వైపు. 

“బ్రేకు డిస్కులు చూపిస్తారా?” అన్నాను. నా గొంతు ఆఫీసు గొంతులా వినపడింది. 

ఆయన గ్లాసు పక్కన పెట్టి నా కారు దగ్గరికి తీసుకెళ్ళి చక్రం సందులోంచి టార్చి వేశాడు. డిస్కు మీద అక్కడక్కడా నీలం మచ్చలు. 

“ఇవి ఊళ్ళో తొక్కే బ్రేకులకి రావమ్మా,” అన్నాడు. “మంచి స్పీడులో ఉండి, ఒక్కసారిగా గట్టిగా తొక్కితే ఇనుము కాలి ఇలా అవుతుంది. ఒకసారి కాదు, చాలాసార్లు. సారు ఘాట్ రోడ్డులో నడుపుతారా?”

“ఆదివారాలు.”

“అదే మరి.”

“ఆ రోజు చెప్పలేదేం మీరు?”

ఆయన టార్చి ఆర్పి చొక్కాకి తుడుచుకున్నాడు. “సారు అందరి ముందూ నవ్వుతూ చెబుతున్నారు. మీరూ నవ్వుతున్నారు. మధ్యలో నేనెందుకులే అనుకున్నా.” టార్చి జేబులో వేసుకుంటూ, “తప్పేలెండి,” అన్నాడు, నా వైపు చూడకుండా.

మీరూ నవ్వుతున్నారు. అదన్నమాట సంగతి. 

తిరిగి ఆఫీసుకి నడుపుతుంటే కోపం రావాలి కదా అని ఎదురుచూశాను. రాలేదు. ఆదివారాలు మధ్యాహ్నం కారు ఎక్కితే కాలిన వాసన వచ్చేది. “లారీల పొగ” అనేవారు. నేను ఏం చేశాను? నిమ్మ వాసన వచ్చే డబ్బా ఒకటి కొనుక్కొచ్చి అద్దం దగ్గర తగిలించాను. సోమవారం పొద్దున్నే టైరు మీద చెయ్యి వేసినా తెలిసేది నాకు. నాకు తెలియకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన అబద్ధం చెప్పారా అంటే, పూర్తిగా అదీ కాదు. ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు, తప్పు నాదేనని. నేనూ నమ్మాను. ఇద్దరికీ వెతుక్కునే పని తప్పింది. ఇంట్లో ఏది పాడైనా అంతే. మిక్సీ కాలినా, పాపకి మార్కులు తగ్గినా, పైపు కారినా, కారణం అప్పటికే రాసిపెట్టి ఉంటుంది, కింద నా సంతకం ఒక్కటే బాకీ.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక నా బల్ల దగ్గర కూర్చుని, జోళ్ళకి రాసే ఫారం మీదే టైరు గురించి రాశాను. అంచు ఎటువైపు చీరింది, గాడులు ఎంత లోతున్నాయి, డిస్కు మచ్చలు, కారు ఏ రోజు ఏ దారిన ఎవరు నడిపారు. ‘కారణం’ దగ్గర రెండు వాక్యాలు. ‘సంతకం’ పైన ఇంకొకటి చేర్చాను: ఇంతకుముందు నేనిచ్చిన ఫారం చూడకుండా రాసింది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. 

మర్నాడు దాన్ని మా ఆఫీసులో కార్ల లీజులు చూసే మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ ఫైల్లోంచి మొదటి ఫారం నకలు తీసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. కళ్ళజోడు తీసింది.

“రెండూ మీ రాతే కదా?”

“అవునండీ.”

“రిజిస్టరు చేయించని మనిషి నడిపినట్టు మీరే ఒప్పుకుంటున్నారు. మీ మీద కూడా మచ్చ పడుతుంది, తెలుసా? వచ్చే ఏడు ప్రమోషను టైములో ఈ ఫైలు తీస్తారు.”

“తెలుసండీ.”

“మొదటి ఫారంతో అంతా సర్దుకుపోయింది. ‘అలవాటు’ అని రాశారు, వాళ్ళూ ఒప్పుకున్నారు. ఇప్పుడెందుకు?”

స్కూలు ముందు కింద పడ్డ పలక గురించి చెబుదామా, అత్తయ్య నడుం గురించి చెబుదామా అనుకున్నాను. ఆవిడ చాలా బిజీ మనిషి. 

“నా ఉద్యోగమే ఇది కదండీ,” అన్నాను. “నా పేరుతో తప్పుడు రిపోర్టు ఉంటే, రేపటి నుంచి నా బల్ల మీద ఏం రాసినా నాకే నమ్మకం ఉండదు.”

ఆవిడ పాత ఫారం మీద అడ్డంగా గీత కొట్టి, నా చేత పక్కన సంతకం చేయించింది. “ఇకమీదట మీరు తప్ప ఎవరూ నడపడానికి లేదు. అలాగని ఉత్తరం వస్తుంది,” అంది.

ఉత్తరం శుక్రవారం వచ్చింది. దానితో పాటు నా రిపోర్టు నకలు కూడా ఆయన కంప్యూటరు పక్కన పెట్టాను. ఆయన చదవలేదు. నేను పెట్టే కాగితాలన్నీ కరెంటు బిల్లులే అనుకుంటారు.

ఆదివారం పొద్దున స్నేహితుడు కింద నిలబడి ఫోను చేస్తున్నాడు. నేను భోజనాల బల్ల దగ్గర పాపకి జడ వేస్తున్నాను. అత్తయ్య ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. తొమ్మిది రోజుల తర్వాత ఆవిడ లేచి కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

“తాళాలేవీ?” అన్నారు.

“నా దగ్గరున్నాయి. కారు మీరు నడపడానికి లేదండీ. ఉత్తరం పెట్టాను, చూడలేదా?”

ఆయన నవ్వబోయారు. నేను నవ్వకపోయేసరికి లోపలికెళ్ళి కాగితాలు తెచ్చి నిలబడే చదివారు. రెండో పేజీకి వచ్చేసరికి పెదాలు కదలడం ఆగిపోయింది. 

“ఏంటిది? మొగుడి మీద రిపోర్టు రాసి ఆఫీసులో ఇచ్చావా?”

“టైరు మీద రాశానండీ. మీరు అందులో వచ్చారు.”

పాప తల తిప్పి నా మొహం చూసింది. జడ సగంలో ఉంది, తలని మళ్ళీ నెమ్మదిగా ముందుకి తిప్పాను. “అత్తయ్యా,” అన్నాను, “మీ నడుం కూర్చున్నచోట పట్టెయ్యలేదు. స్పీడు బ్రేకర్ మీద నేనే ఎగరేశాను. పాప లెక్కకి భయపడి బ్రేకు వెయ్యలేదు. స్కూలు దగ్గర కూడా ఒకరోజు బండి ఆగలేదు. పిల్లలున్నారు ముందు. ఎవరికీ చెప్పలేదు.”

అత్తయ్య గ్లాసు కింద పెట్టింది. కొడుకు వైపు చూసింది.  

కింద నుంచి హారను వినపడింది. ఆయన కిటికీ దాకా వెళ్ళారు, స్నేహితుడికి ఏం చెప్పాలో తెలీక వెనక్కి వచ్చారు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది. చేతిలో కాగితాలు, ఎక్కడ పెట్టాలో తెలీనట్టు. ఆయన సిగ్గుపడటం నేను చూడటం అదే మొదటిసారి. చూడలేకపోయాను. లేచి వెళ్ళి, ‘నేను కిందకి చెప్పేస్తాలెండి, ఒంట్లో బాలేదని అంటాను’ అనబోయాను, ఆయన సిగ్గు కూడా నేనే మొయ్యబోయాను. నా కాళ్ళు కుర్చీ కింద కదిలాయి.

లేవలేదు.